అమ్మగారి గ్రీన్‌కార్డుకి మీ జనన ధ్రువపత్రం లేకపోతే

అమలాపురం పక్క పల్లెలో 1984లో ఇంట్లోనే పుట్టారు, నమోదు లేదు, ఇప్పుడు అమెరికా సిటిజన్‌గా అమ్మగారికి ఐ-130 (గ్రీన్‌కార్డు కోసం బంధుత్వం చూపించే పిటిషన్) వెయ్యాలన్నారు కదండీ. ఇప్పుడు కొత్తగా నమోదు చేయించి ఆ ఒక్క కాగితమే పంపకండి. ఇన్నేళ్ల తర్వాత పుట్టిన కాగితమంటే అమెరికా ఇమిగ్రేషన్ వాళ్లకి అనుమానమే, ఇంకా రుజువులు పంపమంటారు. ముందు జనన మరణాల రిజిస్ట్రార్ దగ్గర ‘రికార్డు లేదు’ అనే పత్రం సీలుతో తీసుకోండి. దానికి పదో తరగతి సర్టిఫికెట్ జతచెయ్యండి. పాతవాటిలో చాలావరకు తండ్రి పేరే ఉంటుంది, అమ్మ పేరుండదు, చిక్కంతా అక్కడే! అందుకే అఫిడవిట్లు రెండు కావాలి. మేనమామగారో పక్కింటి మామ్మగారో, మీరు పుట్టినప్పటికి ఊహ తెలిసినవాళ్లు రాయాలి: తమ పేరు, చిరునామా, పుట్టిన తేదీ, ఊరు, మీకేమవుతారు, మీ పుట్టుక సంగతి ఎలా తెలుసు. ‘నాకు తెలుసు’ అంటే చాలదు, ‘పురుడు పోసినప్పుడు పక్కనే ఉన్నాను’ అనాలి. అమ్మగారి పుట్టింటి పేరు, పాస్‌పోర్టులోని అత్తింటి పేరు రెండూ రాయించండి. అమ్మగారు గతంలో అమెరికాలో వీసా గడువు దాటి ఉండుంటే మాత్రం కన్సల్టెన్సీ కాదు, లైసెన్సున్న ఇమిగ్రేషన్ లాయరునే అడగండి.