పచ్చ సిరా సంతకం అడగనివ్వకు

బ్రాడీపేట, గుంటూరు

చిరంజీవి లక్ష్మీసౌభాగ్యవతి అమ్మాయికి బాబాయి ఆశీస్సులు.

ఆఫ్రికాలో ఒక దేశానికి డిజిటల్ పాలన చట్టం రాసే బృందంలో చేరావని మీ అమ్మ చెప్పింది. ముప్పై ఏళ్ళు జీవోల ముసాయిదాలు దిద్దిన చెయ్యి, ఊరుకోలేక రాస్తున్నాను.

మన ఐటీ చట్టం 2000లో వచ్చింది. కంప్యూటర్ రికార్డు కాగితంతో సమానమని 4వ సెక్షన్ చెబుతుంది. అందరూ దాన్నే చదువుతారు. నువ్వు 9వ సెక్షన్ కూడా చదువు. ఎలక్ట్రానిక్ పత్రమే తీసుకోవాలని ప్రభుత్వ శాఖల దగ్గర పట్టుబట్టే హక్కు ఎవరికీ లేదని అందులో ఉంది. ఇచ్చినట్టే ఇచ్చి పుచ్చుకున్నారు.

పదవీ విరమణ తరువాత ఒక ఆఫీసులో మీసేవ సర్టిఫికెట్టు ఇచ్చాను. గుమాస్తా అటూ ఇటూ తిప్పి, "పచ్చ సిరా సంతకం ఏదండీ?" అన్నాడు. డిజిటల్ సంతకం ఉంది బాబూ అంటే, "అది నాకు కనబడదు కదండీ" అన్నాడు. అతన్ని తప్పు పట్టను. రేపు ఆడిట్ వాళ్ళు అడిగితే చూపించడానికి అతనికి ఒక వాక్యం కావాలి. అది నువ్వు రాయాలి: కాగితం అడగకూడదు, అడగనందుకు గుమాస్తా మీదికి ఏమీ రాదు. ఈ రెండో సగమే ముసాయిదాల్లో జారిపోతుంది.

ఇక వరుస. తొలి ఆధార్ నంబరు 2010లో ఇచ్చాం, చట్టం 2016లో చేశాం. గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది. వ్యక్తిగత డేటా చట్టం 2023లో వచ్చింది. పెళ్ళయ్యాక లగ్నపత్రిక రాసుకున్నట్టు! వేలిముద్రల యంత్రాలు కొనకముందే చట్టం తెమ్మని అక్కడివాళ్ళకు చెప్పు. తొందరపెడతారు, యంత్రాలు అమ్మేవాళ్ళు మరీను.

మన మిర్చి యార్డులో బస్తాలు మోసి వేళ్ళు అరిగినవాళ్ళు గుర్తున్నారా? ముద్ర పడకపోతే రేషను ఎవరు, ఏం చూసి ఇవ్వాలో చట్టంలోనే పెట్టు. సర్క్యులర్‌కు వదిలేయకు, అది కౌంటరు దాకా రాదు.

కోర్టు సంగతి ఒక్కటే. కంప్యూటర్ రికార్డు నకలు సాక్ష్యంగా నిలవాలంటే, అది సరైనదని ధ్రువీకరించే సర్టిఫికెట్టు, అప్పటి సాక్ష్య చట్టం 65బి సెక్షన్ కింద, తప్పదని సుప్రీంకోర్టు 2020లో తేల్చింది. అలాంటిది మీరూ పెడితే, సంతకం చేసేదెవరో హోదాతో సహా రాయి.

ముసాయిదా తయారయ్యాక ఒక ప్రతి పంపు. కాగితం మీదే పంపు, నవ్వకు. తెర మీద చదివితే నాకు తప్పులు దొరకవు.

ఆశీస్సులతో,
బాబాయి