టెక్ సందేహాలు: పాటల పుస్తకానికి పాఠకుల పెట్టుబడి

ప్రశ్న: ఒడిశాలోని పర్లాకిమిడి చుట్టుపక్కల తెలుగు ఇళ్లలో పాడుకునే పెళ్లిపాటలు, ఊడుపు పాటలు సేకరించాను. సొంతంగా 300 ప్రతులు వేయాలని ఉంది. ఆసక్తి ఉన్నవారి నుంచి ముందుగా డబ్బు సమకూర్చుకునే వెబ్‌సైట్ కిక్‌స్టార్టర్‌లో నిధులు సేకరించవచ్చా? మా మనవలకు తెలుగు మాట్లాడడం వచ్చు, చదవడం రాదు. పాటలను ఒడియా లిపిలోనూ ఇవ్వడం ఎలా?
– ఒక పాఠకురాలు, గజపతి జిల్లా

జవాబు: మీరు చేస్తున్నది ఆలస్యం చేయకూడని పని, తప్పక పూర్తి చేయండి. అయితే భారతదేశంలో ఉంటున్న రచయితలు కిక్‌స్టార్టర్‌లో ప్రాజెక్టు ప్రారంభించలేరు. మన దేశంలో కెట్టో, మిలాప్ అనే నిధుల సేకరణ వేదికలు ఉన్నాయి గానీ అక్కడికి వచ్చేవారిలో ఎక్కువమంది వైద్య ఖర్చులకు సాయం చేసేవారే. అసలు ఏ వేదికా మీకు పాఠకులను తెచ్చిపెట్టదు. ఈ పుస్తకం కొనేవారు మీకు తెలిసినవారే: పాటలు చెప్పిన కుటుంబాలు, బరంపురం, విశాఖ, సూరత్‌లలో స్థిరపడిన వారి పిల్లలు. వారికోసం ఒక గూగుల్ ఫారం, యూపీఐ క్యూఆర్ కోడ్ చాలు.

కిక్‌స్టార్టర్ నియమం ఒకటి మాత్రం పాటించండి. అక్కడ లక్ష్యం చేరితేనే డబ్బు వసూలవుతుంది. మీరూ ముందు ఫారంలో పేరు, చిరునామా, ఎన్ని ప్రతులు కావాలో మాత్రమే తీసుకోండి. అచ్చు ఖర్చుకు సరిపడా పేర్లు వచ్చాకే క్యూఆర్ కోడ్ పంపండి. ఆ డబ్బుకు విడిగా ఒక బ్యాంకు ఖాతా ఉండాలి. పుస్తకం చేతికందేదాకా అది పాఠకుల సొమ్మే.

ధర నిర్ణయించే ముందు ప్రెస్సువారిని అదే కాగితంతో ఒక డమ్మీ (ఖాళీ నమూనా ప్రతి) కుట్టి ఇమ్మనండి. కవరులో పెట్టి తపాలా కార్యాలయంలో తూకం వేయించండి. చాలా నిధుల సేకరణ ప్రయత్నాలు దెబ్బతినేది ఇక్కడే, రవాణా ఖర్చును ఉజ్జాయింపుగా వేసుకోవడం వల్ల. డెమీ సైజులో (మామూలు పుస్తకం కొలత) 70 జీఎస్ఎం (చదరపు మీటరుకు 70 గ్రాముల) కాగితంపై 160 పేజీల పుస్తకం సుమారు 200 గ్రాములు తూగుతుంది. సాంస్కృతిక పుస్తకాల కోసం తపాలా శాఖ 2025 మే 1న ప్రారంభించిన జ్ఞాన్ పోస్ట్‌లో 300 గ్రాముల వరకు 20 రూపాయలు, పన్నులు అదనం. ఇందుకు పుస్తకంపై ముద్రాపకుల పేరో ప్రచురణకర్త పేరో తప్పక ఉండాలి. పుస్తకాన్ని గుర్తించే అంతర్జాతీయ సంఖ్య ఐఎస్‌బీఎన్‌కు, దాన్ని ఇచ్చే రాజా రామ్మోహన్ రాయ్ ఏజెన్సీ రుసుము తీసుకోదు. రచయితగా మీరే ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసుకోవచ్చు.

ఇక లిపి సంగతి. డీటీపీ 'అను' అనే పాత తరహా ఫాంట్లలో చేయించి ఉంటే, ముందు అన్ని కంప్యూటర్లూ గుర్తించే యూనికోడ్‌లోకి మార్పించి, ఒత్తులన్నీ సరిచూడండి. ఆ పాఠాన్ని 'అక్షరముఖ' అనే ఉచిత సాధనం ఒడియా లిపిలోకి మారుస్తుంది. చిక్కల్లా ఎ-ఏ, ఒ-ఓలకు ఒడియాలో వేర్వేరు గుర్తులు లేకపోవడం. 'కొడుకు', 'కోడలు' రెండూ ఒకే అక్షరంతో మొదలవుతాయి, పాటలో గురులఘువులు తారుమారవుతాయి. దీర్ఘం పలకాల్సిన చోట అక్షరం పైన చిన్న గీత పెట్టి, ఆ సంగతి మొదటి పేజీలోనే చెప్పండి. అచ్చుకు పంపే ముందు ఆ పేజీలను మీ మనవలతో బిగ్గరగా చదివించి, వారు తడబడిన ప్రతిచోటా దిద్దండి.