శిఖం పక్క ఎకరం కొనేముందు

ప్రశ్న: పరకాల వైపు చెరువును ఆనుకుని ఎకరం పది గుంటలు బేరానికి వచ్చింది. అమ్మేవాళ్లకు కొత్త పాసుబుక్ ఉంది. బోరు వేసి చిన్న ఇల్లు కట్టుకోవాలని ఉంది. ఏమేం చూసుకోవాలి?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: పాసుబుక్ ఇవాళ్టి పట్టాదారు ఎవరో చెప్తుంది, అంతే. ముందు తహసీల్దార్ ఆఫీసులో 1954-55 ఖాస్రా పహాణీ (అప్పటి హక్కు, సాగు వివరాల రికార్డు), సేత్వార్ (సర్వే నంబర్ల వారీగా మూల విస్తీర్ణం లెక్క) నకళ్లు తీయించండి. ఆ సర్వే నంబరు ఎదురుగా పట్టా అని ఉందా; శిఖం (చెరువు ముంపు భూమి), ఇనాం (మాన్యంగా ఇచ్చిన భూమి), సర్కారీ అని ఉందా చూడండి. తర్వాతి పహాణీల్లో లావుణి పట్టా (సర్కారు అసైన్ చేసిన, అంటే కేటాయించి ఇచ్చిన పట్టా) కనబడితే బయానా ఇవ్వకండి. పేదలకు అసైన్ చేసిన భూమైతే 1977 అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం ప్రకారం అమ్మకం చెల్లదు. రక్షిత కౌలుదారు (కౌలు చట్టం రక్షణ ఉన్న సాగుదారు) పేరుంటే 38-ఈ సర్టిఫికెట్ (కౌలుదారుకే యాజమాన్యం ఇచ్చే పత్రం) ఎవరికైనా ఇచ్చారేమో అడగండి.

ఎక్కువ తగాదాలు విస్తీర్ణంతోనే వస్తాయి. ఆ నంబరులోని బై నంబర్ల (ఉప విభాగాల) విస్తీర్ణాలన్నీ కూడితే సేత్వార్ లెక్కకు మించొద్దు. మించితే ఎవరో ఒకరికి కాగితం మీదే భూమి ఉంటుంది, మోక (నేల) మీద ఉండదు. టిప్పన్ (సర్వే నంబరు కొలతల పటం) పట్టుకుని సర్వేయర్‌తో కొలిపించాకే డబ్బు కట్టండి.

శిఖం పట్టా అయితే నీళ్లు తగ్గాక సాగు చేసుకోవచ్చు, ఇల్లు మాత్రం వద్దు. పట్టా భూమైనా ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పటి నీటిమట్టం) హద్దు చూడాలి. పట్టణ కట్టడ నియమాల్లో పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు ఆ హద్దు నుంచి 30 మీటర్లు, చిన్న కుంటకు 9 మీటర్లు వదలాలి. ఎండాకాలంలో చూసి చెరువు దూరముందని నమ్మొద్దు.

ఇక నేల. పరకాల చుట్టుపక్కల అడుగున ఎక్కువగా గ్రానైట్, నైస్ రాళ్లే. పైన చెల్క (ఎర్ర ఇసుక నేల) లేదా రేగడి, దాని కింద మొరం (చివికిన రాయి), ఆ కింద గట్టి బండ. నీళ్లు మొరంలో, బండ పగుళ్లలో ఉంటాయి. పగులు తగలకపోతే ఎంత లోతు దింపినా దుమ్మే వస్తుంది. అందుకే చెరువు పక్కనే ఉన్నా బోరు పడుతుందన్న హామీ లేదు. నల్లరాతి డైక్ (బండలో గోడలా చొచ్చుకొచ్చిన రాయి) అడ్డంగా పోతుంటే నీటి వాలుకు ఎగువ పక్కన బోరు పాయింట్ పెట్టించండి. గ్రానైట్ నీళ్లలో ఫ్లోరైడ్ పరీక్ష తప్పనిసరి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగొద్దు.

ఇంటికి రెండు మూలల్లో రెండేసి మీటర్ల గుంత తీయించండి. రేగడి వానకు ఉబ్బి, ఎండకు కుంచించుకుపోతుంది. కిటికీ మూలల నుంచి గోడలు ఏటవాలుగా పగులుతాయి. ల్యాబ్‌లో 425 మైక్రాన్ల జల్లెడ పట్టిన మట్టిని పదేసి గ్రాములు నీళ్లలో, కిరోసిన్‌లో వేసి 24 గంటలు ఉంచుతారు. కిరోసిన్‌లో కంటే నీళ్లలో సగానికి పైగా ఎక్కువ ఉబ్బితే మామూలు పునాది పనికిరాదు. మొరం దాకా తవ్వాలి. అది మరీ లోతైతే అండర్ రీమ్డ్ పైల్స్ (అడుగున ఉబ్బెత్తుగా ఉండే కాంక్రీటు పునాది స్తంభాలు) వేయాలి. ఆ ఖర్చు బేరంలోనే తగ్గించుకోండి.