ఒక్కరే వెళ్లే క్రూయిజ్‌కు ఇద్దరి డబ్బు ఎందుకు కట్టాలి?

ప్రశ్న: నా వయసు 41. హనుమకొండలో ఒక ప్రైవేట్ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుని. జీతం చేతికి 52,000 వస్తుంది. పెళ్లి చేసుకోలేదు. సొంత ఇల్లే, అమ్మ నాతోనే ఉంటుంది. తమ్ముళ్లిద్దరినీ చదివించాను, స్థిరపడ్డారు. ఇంటి ఖర్చు 24,000, అమ్మ మందులు 4,000, చిట్టీ 8,500, సిప్ (మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా వేసేది) 5,000 పోను నెలకు పది వేల చిల్లర మిగులుతుంది. సింగపూర్ నుంచి పెనాంగ్, ఫుకెట్ దీవులు చూపించి తీసుకొచ్చే నాలుగు రాత్రుల క్రూయిజ్‌కు దసరాకి ఒక్కదాన్నే వెళ్లాలని ఉంది. ఏజెంటు ఇచ్చిన కాగితంలో ఒక్కొక్కరికి 42,000 అని ఉంది. ఒక్కరే వస్తే 84,000 అంటున్నారు. ఎఫ్‌డీలో 4 లక్షలు, సేవింగ్స్ ఖాతాలో 1,20,000 ఉన్నాయి. 20 నెలల చిట్టీ 2 లక్షలది, 9 నెలలు కట్టాను. పోయిన నెల పాటలో 40,000 తగ్గించుకుని ఎత్తుకున్నారు. నేనూ చిట్టీ ఎత్తనా, ఎఫ్‌డీ తీయనా, ఏజెంటు చెబుతున్న ఈఎంఐకి ఒప్పుకోనా? పెద్ద తమ్ముడు దండగ ఖర్చు అంటున్నాడు. ఏడేళ్ల క్రితం గల్ఫ్ ఉద్యోగానికని తీసుకున్న పాస్‌పోర్టు ఉంది. నాన్న మంచాన పడటంతో వెళ్లలేదు. అందులో ఒక్క ముద్ర కూడా లేదు.

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. వెళ్లండి. అయితే దసరాకి కాదు, ఫిబ్రవరి ఆఖరు వారంలో. చిట్టీ ఎత్తొద్దు, ఎఫ్‌డీ ముట్టుకోవద్దు, ఈఎంఐ అసలే వద్దు. ఈ మూడూ లేకుండానే వెళ్లొచ్చే దారి మీ లెక్కల్లోనే కనిపిస్తోంది.

ముందు ఆ 84,000 సంగతి. ఓడలో గదులు ఇద్దరి కోసం కడతారు, రేటూ ఇద్దరు ఉంటారన్న లెక్కతోనే వేస్తారు. ఒక్కరే వెళ్తే రెండో మంచం డబ్బు కూడా మీరే కట్టాలి. దీన్ని సింగిల్ సప్లిమెంట్ అంటారు. చాలా ఓడల్లో ఇది నూటికి నూరు శాతం, ఆఫర్లు ఉన్నప్పుడు తగ్గిస్తారు కూడా. ఇంతవరకు ఏజెంటు చెప్పింది నిజమే. కానీ మీరు పంపిన కాగితం ఫొటోలో కింద చిన్న అక్షరాలు చూశాను. 42,000లో ఓడ ఛార్జీ 32,000, పోర్టు ఛార్జీలు, పన్నులు కలిపి 10,000. ఈ పోర్టు ఛార్జీలు గదికి కాదు, మనిషికి వేస్తారు. ఓడలో లేని మనిషికి పోర్టు పన్ను ఉండదు. అంటే మీరు కట్టాల్సింది 32,000 రెండుసార్లు, 10,000 ఒక్కసారి. మొత్తం 74,000. కాగితం మీది అంకెని రెండుతో గుణించి చెప్పేశారు. కావాలని చేసి ఉండకపోవచ్చు, కానీ అడగకపోతే 10,000 మీ జేబులోంచి పోతుంది. ఫోన్‌లో అడగొద్దు. ఓడ ఛార్జీ ఎంత, సింగిల్ సప్లిమెంట్ ఎంత శాతం, పోర్టు పన్ను ఎంత, టిప్పులు కలిసి ఉన్నాయా లేదా అని నాలుగు వరుసల్లో రాసి పంపమనండి.

అదే సమయంలో ఇంకో మాట కూడా అడగండి. ఒక్కరి కోసమే కట్టిన గదులు కొన్ని ఓడల్లో ఉంటాయి. 2010లో నార్వేజియన్ ఎపిక్ అనే ఓడలో ఇలాంటి చిన్న స్టూడియో గదులు 128 పెట్టారు, తర్వాత వేరే సంస్థలూ మొదలుపెట్టాయి. రాయల్ కరీబియన్ వాళ్ల క్వాంటమ్ తరగతి ఓడల్లో కూడా ఉన్నాయి, కానీ తక్కువ. అందుకే త్వరగా అయిపోతాయి. మీరు వెళ్లే తేదీల్లో ఆ తరగతి ఓడ ఉండి, గది దొరికితే, ఇద్దరి గదికి రెట్టింపు కట్టడం కన్నా చాలాసార్లు అదే చవక. లేదంటే కిటికీ లేని లోపలి గది తీసుకోండి. ఆ గదిలో మీరు పడుకోవడం, స్నానం చేయడం తప్ప ఉండేదే లేదు. సముద్రం చూడ్డానికి పైన డెక్ ఉంది, దానికి అందరిదీ ఒకటే టికెట్. బాల్కనీకి పెట్టే డబ్బు కూడా ఒక్కరికి రెట్టింపవుతుందని గుర్తుంచుకోండి.

దసరా వద్దనడానికి కారణం డబ్బు ఒక్కటే కాదు. అక్టోబరులో ఫుకెట్ వైపు నైరుతి రుతుపవనాల వానలు ఇంకా వదలవు. అక్కడ పటాంగ్ తీరానికి పెద్ద ఓడలు చాలావరకు దగ్గరకు రావు. దూరంగా లంగరు వేసి, చిన్న పడవల్లో ఒడ్డుకు చేరుస్తారు. అలలు పెద్దవైతే ఆ పడవలు దించరు. అంత దూరం వెళ్లి ఫుకెట్‌ను డెక్ మీద నుంచి చూసి రావాల్సి వస్తుంది, డబ్బు మాత్రం వెనక్కి ఇవ్వరు. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా ఆ సముద్రం నెమ్మదిగా ఉంటుంది. అందులోనూ డిసెంబరు సెలవులు, చైనీస్ న్యూ ఇయర్ రోజులు తప్పించుకుంటే రేట్లు కాస్త దిగుతాయి. పెనాంగ్‌లో ఈ ఇబ్బంది లేదు. జార్జ్‌టౌన్‌లో ఓడ స్వెటెన్‌హామ్ పీర్ అనే రేవు దగ్గరే ఆగుతుంది. దిగి నడిస్తే పాత ఊరే, లిటిల్ ఇండియా వీధులు కూడా దగ్గర్లోనే. అక్కడ టూర్ ప్యాకేజీ కొనక్కర్లేదు.

ఇప్పుడు అసలు ఖర్చు. క్రూయిజ్ 74,000. ఓడ సిబ్బందికి రోజుకు ఇంత అని బిల్లులో వేసే టిప్పులు మనిషికి రోజుకు 16 నుంచి 20 డాలర్లు ఉంటాయి, నాలుగు రాత్రులకు 6,500 అనుకుందాం. హైదరాబాద్ నుంచి సింగపూర్ రానుపోను విమానం 28,000. సింగపూర్ వీసా, ఏజెంటు ఫీజు 3,500. ఓడ ఎక్కే ముందు రాత్రి సింగపూర్‌లో హోటల్, తిండి 12,000. ఈ ఒక్క రాత్రి మిగిల్చుకుందామని మాత్రం అనుకోవద్దు. విమానం ఆలస్యమైతే ఓడ మీ కోసం ఆగదు, కట్టిన డబ్బంతా పోతుంది. ప్రయాణ బీమా 2,500. రెండు దీవుల్లో తిరగడానికి, చేతి ఖర్చుకి 12,000. మీరు రాయనిది ఒకటి నేను కలుపుతున్నాను: మీరు లేని ఏడు రోజులు అమ్మ దగ్గర మనిషిని పెట్టడానికి రోజుకు వెయ్యి చొప్పున 7,000. తమ్ముళ్లు వచ్చి ఉంటామంటే సంతోషం, ఆ డబ్బు మిగులుతుంది. వాళ్లకు కుదరకపోయినా మీ ప్రయాణం ఆగకూడదు. అన్నీ కలిపితే 1,45,500. చేతిలో 1,50,000 పెట్టుకుందాం.

ఇది ఎక్కడి నుంచి తేవాలి? ఈ జూన్ జీతం పడ్డ రోజు నుంచి నెలకు 10,000 చొప్పున బ్యాంకులో విడిగా పక్కన పెట్టండి. జనవరి దాకా ఎనిమిది నెలలకు 80,000. సేవింగ్స్ ఖాతాలోని 1,20,000లో 70,000 ఈ ప్రయాణానికి కేటాయించండి, 50,000 అలాగే ఉంచండి. అంతే, లక్షన్నర అయింది. డబ్బంతా ఒకేసారి అక్కర్లేదు కూడా. ఇప్పుడు అడ్వాన్స్, అక్టోబరులో విమానం టికెట్లు, మిగతా ఓడ డబ్బు బయల్దేరే రోజుకు రెండున్నర, మూడు నెలల ముందు. ఆ గడువు దాటాక రద్దు చేసుకుంటే కోత పెరుగుతూ పోతుంది, చివరి రోజుల్లో ఏమీ తిరిగి రాదు. కాబట్టి అడ్వాన్స్ వెనక్కి వచ్చే రకమా, రాని రకమా అన్నది బుక్ చేసేటప్పుడే చూసుకోండి. రాని రకం కొంచెం చవకగా ఉంటుంది. ఇంట్లో పెద్దావిడ ఉన్న మీకు నేను వచ్చే రకమే చెబుతాను.

చిట్టీ ఎందుకు ఎత్తొద్దంటున్నానో చెబుతాను, ఎందుకంటే ఇక్కడే చాలామంది నష్టపోతారు. ఇప్పుడు ఎత్తితే చేతికి 1,60,000. ఆఖరి నెల దాకా ఆగితే కంపెనీ కమీషన్ 5 శాతం పోను 1,90,000. పదకొండు నెలలు ముందు తీసుకోవడానికి 30,000 వదులుకుంటున్నారు. 1,60,000 మీద అది దాదాపు 19 శాతం, పర్సనల్ లోన్ కన్నా తక్కువేమీ కాదు. పైగా మిగిలిన వాయిదాలకు జామీను అడుగుతారు. మీ ప్రయాణం కోసం ఇద్దరు గవర్నమెంట్ ఉద్యోగుల ఇళ్ల చుట్టూ తిరగాలి, ఎందుకు డబ్బు అని వాళ్లడిగితే చెప్పుకోవాలి. ఆ టెన్షన్ మీకొద్దు. చిట్టీని ఆఖరుదాకా వదిలేయండి. ఎఫ్‌డీ 4 లక్షలు అమ్మ ఆసుపత్రి అవసరాలకు, మీ ఉద్యోగానికి ఏదైనా అయితే ఆరు నెలలు గడవడానికి. దాని జోలికి వెళ్లొద్దు. ఈఎంఐలో వడ్డీ లేదన్నా ప్రాసెసింగ్ ఫీజు ఉంటుంది, ఒకేసారి కట్టేవాళ్లకిచ్చే తగ్గింపు పోతుంది. తిరిగొచ్చాక ఏడాది పాటు కడుతుంటే చూసిన దీవి కూడా బరువనిపిస్తుంది.

ఏజెంటు బిల్లులో టీసీఎస్ అని ఒక వరుస ఉంటుంది. విదేశీ టూర్ ప్యాకేజీల మీద ముందే వసూలు చేసే ఆదాయపు పన్ను అది. దీని రేటు బడ్జెట్లలో మారుతూ వస్తోంది, బిల్లు ఇచ్చిన రోజు ఎంతుందో విడిగా రాయించుకోండి. అది ఖర్చు కాదు, మీ పాన్ నంబరు మీద జమయ్యే డబ్బు. కొత్త పన్ను విధానంలో మీ జీతానికి పన్ను పడదు కాబట్టి రిటర్న్ వేస్తే మొత్తం రీఫండ్ వస్తుంది. వేయకపోతే ప్రభుత్వం దగ్గరే ఉండిపోతుంది. ఇలా కట్టిన 5,000 కోసం రిటర్న్ ఎవరు వేస్తారని వదిలేసిన వాళ్లను చాలామందిని చూశాను. మీరు వదలొద్దు.

ఓడలోని ఖర్చు గురించి ఒక బిల్లు చూపిస్తాను. నా దగ్గరికి వచ్చే ఒకావిడ ఇలాగే ఒంటరిగా వెళ్లొచ్చి, ఆఖరి రోజు ఉదయం గది తలుపు కింద నుంచి తోసిన బిల్లు తెచ్చి నా ముందు పెట్టారు. నాలుగు కాఫీలు, ఒక నీళ్ల సీసాల పెట్టె, మెట్ల దగ్గర తీసిన రెండు ఫొటోలు, ఒక మసాజ్, ఒక రోజు వైఫై. ఒక్కొక్కటీ చిన్నదే. ప్రతి దాని కింద మళ్లీ సర్వీస్ ఛార్జీ. మొత్తం చూస్తే ఆవిడ విమానం టికెట్‌లో సగం. ఆ ఓడలో బఫేలో నీళ్లు, టీ, మామూలు కాఫీ ఉచితమే. గదికి తెప్పించుకున్నదానికే డబ్బు. ఓడ ఎక్కగానే గది తాళంగా ఒక కార్డు ఇస్తారు, దాన్నే అన్ని చోట్లా గీకుతారు. చేతిలోంచి నోటు వెళ్లదు కాబట్టి తెలియదు. రోజూ రాత్రి పడుకునే ముందు రిసెప్షన్‌లోనో, యాప్‌లోనో లెక్క చూసుకోండి. తప్పు పడితే ఆ రాత్రే సరిచేయించుకోవచ్చు.

ఓడలో ఆ గది కార్డు లెక్కకు మీ డెబిట్ కార్డు ఇవ్వకండి. ముందు జాగ్రత్తగా కొంత మొత్తం పట్టి ఉంచుతారు, అది మళ్లీ వాడుకోవడానికి కొన్ని రోజులు పట్టవచ్చు. ఫారెక్స్ కార్డు (ముందే విదేశీ డబ్బు నింపుకునే కార్డు) లేదా నగదు డిపాజిట్ తీసుకుంటారేమో అడగండి. దుకాణాల్లో మెషిన్ మీద రూపాయల్లోనా, అక్కడి కరెన్సీలోనా అని అడిగితే అక్కడి కరెన్సీయే నొక్కండి. రూపాయల్లో అంటే వాళ్లు వేసిన రేటుకు తల ఊపినట్టే. ఓడ ఒడ్డు వదలగానే ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. సముద్రం మీద ఫోన్ ఉపగ్రహ నెట్‌వర్క్ పట్టుకుంటే మామూలు ఇంటర్నేషనల్ ప్యాక్ పనిచేయదు, నిమిషానికి వందల్లో పోతుంది. అమ్మతో రేవుల్లో మాట్లాడండి, ముందే ఆ వేళలు చెప్పి ఉంచండి.

బీమా మీరు నర్సు కాబట్టి నాకన్నా బాగా చదవగలరు. ఓడ డాక్టరు ఫీజు డాలర్లలో ఉంటుంది, మన ఆరోగ్య బీమా అక్కడ సాయపడదు. పాలసీలో క్రూయిజ్ ప్రయాణం ఉందా, ఓడ నుంచి ఒడ్డుకు తరలించే ఖర్చు ఉందా, అమ్మ ఆసుపత్రిలో చేరి మీరు ఆగిపోతే రద్దు నష్టం ఇస్తారా అని మూడూ చూడండి. అమ్మకు ఇప్పటికే ఉన్న జబ్బులను చాలా పాలసీలు ఈ మూడోదానిలోంచి తీసేస్తాయి. ఆ పేరా తప్పక చదవండి.

సింగపూర్ వీసా మల్టిపుల్ ఎంట్రీది ఉండాలి, ఎందుకంటే ఓడ మిమ్మల్ని బయటి దేశాలకు తీసుకెళ్లి తిరిగి అక్కడే దించుతుంది. మలేషియా, థాయ్‌లాండ్ 2023లో మనవాళ్లకు వీసా మినహాయింపులు ఇచ్చాయి, నియమాలు, గడువులు మాత్రం మారుతుంటాయి. ఆఖరి డబ్బు కట్టే ముందు ఆ రోజు నియమం చూసుకోండి.

తమ్ముడి మాటకొస్తాను. ఈ 1,45,500 మీ మూడు నెలల జీతం కన్నా తక్కువ. అమ్మ మందులు ఆగవు, సిప్ ఆగదు, చిట్టీ ఆగదు, అప్పు లేదు. ఇద్దరిని చదివించి నిలబెట్టిన మనిషి తన సంపాదనలోంచి తన కోసం ఇంత తీసుకుంటే దాన్ని దండగ అనడానికి నా వృత్తిలో ఏ లెక్కా లేదు. కావాలంటే ఈ జవాబు ఆయనకు చూపించండి, ఆ ఏడు రోజుల్లో రెండు రోజులైనా అమ్మ దగ్గరికి వచ్చి ఉండమని అడగండి.

ఈ వారంలో ఏజెంటుకు ఆ నాలుగు వరుసల ప్రశ్న పంపండి. జవాబు రాగానే నాకూ ఒక కాపీ పంపండి. గది నంబరు కూడా ఉంటే ఓడ మధ్యలోదేనా, కింది డెక్‌దేనా చూసి చెబుతాను. అక్కడైతే ఊపు తక్కువ, మొదటిసారి వెళ్తున్నారు కాబట్టి నిద్ర పడుతుంది.