అమెరికాలో జువెనైల్ జైళ్ళలో నల్లజాతి పిల్లలే ఎక్కువ ఎందుకుంటారు?

వాళ్ళే ఎక్కువ తప్పులు చేస్తారు కాబట్టా అని అడిగారు. ఈ మాట మనవాళ్ళ గెట్ టుగెదర్లలో చాలాసార్లు విన్నా, నేను అస్సలు ఒప్పుకోను. గంజాయే తీసుకోండి, సర్వేల్లో తెల్ల పిల్లలూ నల్ల పిల్లలూ దాదాపు ఒకేలా వాడుతున్నట్టు తేలుతుంది, అరెస్టులు మాత్రం ఒకేలా ఉండవు. దేశం మొత్తం మీద నల్లజాతి పిల్లల్ని కస్టడీలో పెట్టే రేటు తెల్లవాళ్ళ కంటే 4 రెట్లు పైనే, మా న్యూజెర్సీలో తేడా ఇంకా ఘోరం. మనవాళ్ళు ఇళ్ళు కొనుక్కుంటున్న మన్రోలోనే జేమ్స్‌బర్గ్ అని పిలిచే పిల్లల జైలుంది, 1867 నాటిది, అందులో ఎక్కువమంది నల్లజాతి పిల్లలే.

ఇదెక్కడ మొదలవుతుందో నేను దగ్గర్నుంచి చూశా. మావాడూ, వాడి క్లాస్‌మేట్ ఒక నల్లజాతి అబ్బాయీ పార్కు గోడ మీద స్ప్రే పెయింట్ కొట్టి దొరికారు. ఇక్కడ ఇలాంటి చిన్నవాటికి స్టేషన్‌హౌస్ అడ్జస్ట్‌మెంట్ అని ఉంటుంది, పేరెంట్ వచ్చి సంతకం పెడితే పిల్లాడితో గోడ కడిగించో ఇంకేదో చేయించో వదిలేస్తారు, కోర్టు దాకా పోదు. నేను ఆఫీసు నుంచి పరిగెత్తా, ఆఫీసర్ నన్ను సర్ అంటూ కూర్చోబెట్టి కాగితం ముందు పెట్టాడు. ఆ అబ్బాయి వాళ్ళమ్మ ఓల్డేజ్ హోంలో డ్యూటీలో ఉంది, ఫోన్ లాకర్లో, ఎత్తలేదు. అంతే, వాడి మీద కోర్టుకెళ్ళే కంప్లైంట్ రాసేశారు. నేను పూచీ ఉంటానన్నా మీరు గార్డియన్ కాదు కుదరదన్నారు. పైగా వాడు మావాడికంటే నెలల్లో చిన్నోడే, ఆఫీసర్ మాత్రం వాడే పెద్దోడు, వాడే నేర్పుంటాడు అన్నట్టు మాట్లాడాడు, నాకు ఒళ్ళు మండిపోయింది. 2014లో ఫిలిప్ గాఫ్ అనే సైకాలజిస్ట్ వాళ్ళ స్టడీలో కూడా ఇదే తేలింది, నల్లజాతి అబ్బాయిలకి పదేళ్ళు దాటాయంటే చాలు, చూసేవాళ్ళు వయసు ఎక్కువ అనుకుంటారు, తప్పు కూడా వాళ్ళదే అనుకుంటారు.

ఇక రేపు ఇంకేదన్నా గొడవైతే ఆ అబ్బాయికి ఈ కంప్లైంటే పాత కేసు అవుతుంది. కలీఫ్ బ్రౌడర్ అనే నల్లజాతి కుర్రాడి సంగతి అలాగే అయింది, న్యూయార్క్‌లో 2010లో 16 ఏళ్ళప్పుడు బ్యాక్‌ప్యాక్ దొంగతనం అని పట్టుకున్నారు, కూడా దొరికిన ఫ్రెండ్‌ని ఇంటికి పంపారు, ఇతను పాత కేసులో ప్రొబేషన్ మీద ఉన్నాడని 3000 డాలర్ల బెయిల్ అడిగారు, ఇంట్లోవాళ్ళు కట్టలేకపోయారు. విచారణే లేకుండా రైకర్స్ ఐలాండ్ జైల్లో దాదాపు 3 ఏళ్ళు, ఎక్కువకాలం ఒంటరి సెల్‌లో. చివరికి కేసు కొట్టేశారు, 2015లో ఆ అబ్బాయి ఆత్మహత్య చేసుకున్నాడు.

న్యూజెర్సీలో ఉండేవాళ్ళకి ఒక మాట, స్టేషన్ నుంచి ఫోనొస్తే అడ్జస్ట్‌మెంట్ గురించి మీరే నోరు తెరిచి అడగండి, 1967లో సుప్రీంకోర్టు ఇచ్చిన గాల్ట్ తీర్పుతో పిల్లలకి కూడా లాయర్ హక్కు ఉంది, లాయర్ వచ్చేదాకా ఏమీ చెప్పొద్దనండి. పక్కన ఇంకో పిల్లాడు ఉంటే వాళ్ళ ఇంటికి కూడా మీరే కబురు పెట్టండి.