యుద్ధ చరిత్ర చదువుతున్న అమ్మాయికి

అమ్మా,

నీ మొదటి అధ్యాయం అందింది. భాష శుభ్రంగా ఉంది. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, తర్వాత కోపంలో మర్చిపోతాను. బర్మా రేవు పట్నం రంగూన్ గురించి రాసిన చోట ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను, మిగతాది మర్నాడు గానీ చదవలేకపోయాను. 1941 డిసెంబర్ 23న జపాన్ బాంబులు పడగానే తెలుగు కూలీలు ప్రాణభయంతో చెల్లాచెదురుగా పరుగులు తీశారని రాశావు.

ఆ వాక్యం నీది కాదు. నువ్వు చూసిన ఫైల్లో ఏ దొరో రాసుకున్నదే నీ చేతిమీదుగా తెలుగులోకి వచ్చింది. సరుకు దింపే మనిషి లేక రేవులో ఓడలు నిలిచిపోతే విసుక్కున్నవాడి చూపు అది. పరిశోధనకి చేరి మరీ ఆ విసుగును మనవాళ్ల మీదే మళ్లీ వేశావు.

ఆ జనం ఎవరో చూడు. 1931 జనాభా లెక్కల్లో రంగూన్‌లో సుమారు నాలుగు లక్షలమంది ఉంటే అందులో సగానికి పైగా మన దేశంవాళ్లే. ఓడల దగ్గర మూటలు మోసింది, బియ్యం మిల్లుల్లో పనిచేసింది, రిక్షాలు లాగింది చాలావరకు తెలుగువాళ్లు. 1930 మే నెలలో రేవు కూలీలు సమ్మె చేస్తే వాళ్ల స్థానంలో బర్మావాళ్లను పెట్టుకున్నారు. సమ్మె తీరి మనవాళ్లు తిరిగి పనిలోకి వెళ్లినప్పుడు ఊళ్లో కొట్లాటలు రేగి తెలుగు కూలీలు చచ్చిపోయారు. 1938లో మళ్లీ అల్లర్లు. ఇవన్నీ కళ్లారా చూసినవాళ్లు, తెల్లవాళ్ల ప్రభుత్వం కదిలిపోతున్నట్టు కనిపించాక ఊళ్లో ఎందుకుంటారు? బాంబుకు బెదిరారు, నిజమే. కానీ వాళ్ల భయం వెనక పన్నెండేళ్ల అనుభవం ఉంది. నీ అధ్యాయంలో 1930 ఊసే లేదు.

అక్కడితో కథ అయిపోలేదు. ఉత్తరాన ఉన్న ప్రోమ్ ఊరి దారి పట్టి నడిచిపోతున్నవాళ్లలో చాలామందిని అధికారులు నచ్చజెప్పి వెనక్కి పంపారు. ఆ తర్వాత పనిచేసే వయసున్న మగవాళ్లకు ఓడల్లో డెక్కు ప్రయాణం, అంటే ఓడ పైతట్టు మీద కూర్చుని వెళ్లే చవక ప్రయాణం, కొన్నాళ్లు ఆపేశారు. క్యాబిన్‌కి డబ్బు పెట్టగలిగినవాడు వెళ్లిపోయాడు. 1942 మార్చి 8న రంగూన్ జపాన్ చేతికి చిక్కింది. ఇక మిగిలింది అడవి దారే. కొందరు టౌంగప్ కనుమ మీదుగా అరకాన్ తీరాన ఉన్న అక్యాబ్‌కి, కొందరు సరిహద్దులోని తాము అనే ఊరి మీదుగా ఇంఫాల్‌కి, ఆఖరుకి చిక్కుకున్నవాళ్లు వానల్లో హుకాంగ్ లోయ దాటి అస్సాంలోని లేడోకి. మొత్తం నాలుగైదు లక్షలమంది దేశం చేరారంటారు. దారిలో పోయినవాళ్ల మీద పదివేల నుంచి యాభైవేల పైదాకా అంచనాలున్నాయి. నువ్వు "లక్షలాది" అని రాసి ఊరుకున్నావు. చచ్చిపోయినవాళ్లకు మనం చేయగలిగిన మర్యాద అంకె దగ్గర జాగ్రత్తగా ఉండటమే. అంచనా అయితే అంచనా అని రాయి, ఎవరిదో రాయి.

నా నమ్మకం ఒకటుంది, ముప్ఫై ఏళ్లుగా అందరికీ చెబుతూనే ఉన్నాను. యుద్ధాన్ని చదవాలంటే ముందు బియ్యం, ఓడ, దోమ గురించి చదవాలి. సేనాపతుల సంగతి ఆ తర్వాత. 1944లో ఇంఫాల్ మీదకు వచ్చిన జపాన్ సైన్యం సుమారు మూడు వారాల తిండి పట్టుకుని బయల్దేరింది. కోహిమా దగ్గర జపాన్ సేనాని సాటో తన డివిజన్‌ని పైవాళ్ల ఉత్తర్వు కాదని వెనక్కి తీసుకుపోయాడంటే, తిండి లేకనే. ఇటు మనవైపు, 1943లో గాయంతో ఒక్కడు ఆస్పత్రికి వెళ్తే రోగంతో నూట ఇరవైమంది వెళ్లారు. బర్మా బియ్యం ఆగిపోవడాన్ని పక్కన పెట్టి 1943 బెంగాల్ కరువును వివరించలేం. నీ అధ్యాయంలో ట్యాంకు ఐదుసార్లు వచ్చింది, బియ్యం ఒక్కసారీ రాలేదు.

ఇందుకోసం నేను పడ్డ పాట్లు ఉన్నాయి. విశాఖ గురించి ఒక వ్యాసం రాశాను. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానవాహక నౌక ర్యూజో నుంచి లేచిన విమానాలు వేసిన బాంబుల మీద ఒక పేరా, బర్మా బియ్యం రాక ఆగిపోయాక ధరలు ఏమయ్యాయన్న దాని మీద మిగతాదంతా. ఒక సంపాదకుడు ధరల పట్టికలన్నీ తీసేసి బాంబుల పేరా ఒక్కటీ అచ్చేశాడు. యుద్ధమంటే పేలుడు ఉండాలి కదండీ, అన్నాడు. ఆ పట్టికల కోసం ఎండాకాలమంతా గుమాస్తాల రాత చదువుతూ కళ్లు పోగొట్టుకున్నాను. ఇప్పటికీ ఆ వ్యాసం ఎవరైనా మెచ్చుకుంటే నాకు కడుపు మండుతుంది.

ఇప్పుడు ఇంకో రోగం వచ్చింది. ఎవరి పుస్తకం తెరిచినా మొదటి అధ్యాయమంతా సిద్ధాంతం. జ్ఞాపకం, గాయం, మౌనం అంటూ పరదేశపు పండితుల పేర్లు వరసపెట్టడం. నీ ముప్ఫై పేజీల్లో తొమ్మిది అవే. తీసెయ్. ఏ సిద్ధాంతం పట్టుకోవాలని అడిగావు కదా, నాలుగు వందల ఫైళ్లు తిరగేశాక అడుగు.

విశాఖలో బర్మా నుంచి వచ్చినవాళ్లు ఉండే బర్మా క్యాంపులో ముసలివాళ్లతో మాట్లాడతానన్నావు. తప్పకుండా వెళ్లు. కానీ కంచరపాలెం వైపు స్థిరపడినవాళ్లలో ఎక్కువమంది 1960లలో, బర్మా సైనిక పాలకుడు నె విన్ ప్రభుత్వం దుకాణాలూ వ్యాపారాలూ జాతీయం చేశాక ఓడల్లో వచ్చినవాళ్లు. తాత చెప్పిన 1942 నడకా, తాను పిల్లప్పుడు చేసిన ఓడ ప్రయాణమూ ఒకే కథలో కలిసిపోతాయి. నేనొక పెద్దాయన దగ్గర కూర్చున్నప్పుడు అడవి దారి గురించి చెబుతూ చెబుతూ ఓడలో ఇచ్చిన రొట్టె దగ్గర తేలాడు. ఆయన్ని ఆపకుండా విన్నాను. తర్వాత పుట్టిన ఏడాది, పెళ్లయిన ఏడాది, తల్లి పోయిన ఏడాది అడిగి రెండు ప్రయాణాలనూ విడదీసుకున్నాను. నువ్వూ అలాగే చెయ్యి. ఎదురుగా దిద్దకు, ఇంటికొచ్చి దిద్దుకో.

"రెండవ ప్రపంచ యుద్ధంలో ఆంధ్రులు" అన్న పేరు పీహెచ్‌డీకి పనికిరాదు. డిసెంబర్ 23 నుంచి మార్చి 8 దాకా రంగూన్ రేవు, అంతే పెట్టుకో. ఆ డెబ్భై అయిదు రోజులకే నాలుగేళ్లు చాలవు. బ్రిటిష్ సైన్యపు యుద్ధ డైరీలు లండన్‌లో క్యూ అనే చోట ఉన్న జాతీయ ఆర్కైవ్స్‌లో డబ్ల్యూఓ 172 అనే వరస కింద ఉన్నాయి, ఢిల్లీ జనపథ్‌లో, మద్రాసు ఎగ్మూరులో ఉన్న ఆర్కైవ్స్‌లో మనవైపు కాగితాలున్నాయి. జపాన్ సైన్యం 1945 ఆగస్టులో చాలా కాగితాలు తగలబెట్టుకుంది, మిగిలినవి ఆన్‌లైన్‌లో ఉచితంగా చూడొచ్చు. బర్మా భాష ఈ ఏడాదే మొదలుపెట్టు. వాళ్లవైపు కథ చదవకుండా 1930 గొడవ గురించి రాస్తే అదీ సగం అబద్ధమే అవుతుంది.

ముందు ఆ డెక్కు ప్రయాణం ఆపిన ఉత్తర్వు కాగితం వెతుకు. టైపు కొట్టిన ఉత్తర్వు ఒక్కటే కాదు, దాని వెనకున్న నోట్ షీట్లు కావాలి. కింది గుమాస్తా ఏం రాశాడు, పైఅధికారి అంచున పెన్సిల్‌తో ఏం గీశాడు, ఎవరు సంతకం పెట్టకుండా పక్కవాడికి తోశారు, అన్నీ అక్కడే ఉంటాయి. దొరికితే ఫోటో తీసి నాకు పంపు. అంచులు తెగకుండా తియ్యి, పేజీ వెనక కూడా తియ్యి.

ఆశీస్సులతో,
మీ మాస్టారు