తూటా కేసు నెక్‌కు వేడి ఎంత, ఎక్కడిదాకా?

ప్రశ్న: రీలోడ్ చేసుకునే (మళ్లీ మందు నింపి వాడుకునే) .308 రైఫిల్ తూటాల ఇత్తడి కేసుల నెక్‌లు (బుల్లెట్‌ను పట్టుకునే మెడ భాగాలు) ఆరేడు సార్లకే నిలువునా చీలుతున్నాయి. గ్యాస్ టార్చ్ మంటతో అనీలింగ్ (వేడిచేసి మెత్తబరచడం) ఎలా చెయ్యాలి?

జవాబు: ఈ ఇత్తడిలో 70 శాతం రాగి, 30 శాతం జింక్ ఉంటాయి. పేల్చినప్పుడు నెక్ ఉబ్బుతుంది, సైజింగ్ డై (కేసును మళ్లీ కొలతకు తెచ్చే అచ్చు) దాన్ని నొక్కుతుంది, ఎక్స్‌పాండర్ బాల్ (డై లోపలి గుండు) మళ్లీ సాగదీస్తుంది. నలిగిన ప్రతిసారీ లోహం బిరుసెక్కి, చివరికి సాగలేక చీలుతుంది. అంతకుముందే ఇంకో లక్షణం పట్టుకోవచ్చు: డైలోంచి తీశాక నెక్ కాస్త తిరిగి తెరుచుకుంటుంది, బుల్లెట్‌ను ఒక్కో కేసు ఒక్కోలా బిగిస్తుంది.

ముందు కేసు అడుగున ఉండే పాత ప్రైమర్ (పౌడర్‌కు నిప్పంటించే చిన్న గిన్నె) తీసి, కేసు కడిగి ఆరబెట్టండి. ఖాళీ కేసుకు తప్ప దేనికీ మంట చూపకూడదు. పౌడర్, కొత్త ప్రైమర్లు ఆ గదిలోనే ఉండకూడదు. గాలి బాగా ఆడే చోట, వెలుతురు తగ్గించి కూర్చోండి.

కేసు వదులుగా దిగే లోతైన సాకెట్‌ను డ్రిల్‌కు బిగించండి. నెక్, షోల్డర్ (నెక్ కింది వాలు భాగం), వాటి కింద కొద్దిపాటి ఒళ్లు మాత్రమే బయటికి కనిపించాలి. డ్రిల్ సెకనుకు ఒకటి రెండు చుట్లు తిరిగితే చాలు. మంట లోపలి నీలి మొన నెక్, షోల్డర్ కలిసే చోట తగలాలి. మామూలు ప్రొపేన్ టార్చ్‌తో ఇది 5 నుంచి 8 సెకన్ల పని. మీ టార్చ్‌కు సరిపడే సమయాన్ని మీరే తేల్చుకోవాలి, అందుకు ఇప్పటికే చీలిపోయిన కేసులు పనికొస్తాయి. నెక్ అంచు మసక చీకట్లో సన్నగా ఎర్రబారడం మొదలైన క్షణమే హద్దు. అక్కడికి ఎన్ని సెకన్లు పట్టిందో లెక్కపెట్టి, మిగతా కేసులన్నిటికీ అంతే సమయం ఇచ్చి, సాకెట్ వంచి జారవిడవండి. గోడ మందం కంపెనీని బట్టి మారుతుంది కాబట్టి ఒక్కో రకానికి విడిగా చూసుకోవాలి.

సమయం తేల్చుకోవడానికి వాడే ఆ చీలిన కేసుల మీద, షోల్డర్‌కు 6 మిల్లీమీటర్ల కింద, 230–250 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరిగే టెంపిలాక్ లాంటి ఉష్ణోగ్రత రంగుతో ఒక గీత గీయండి. అది కరిగిందంటే వేడి కిందికి దిగుతోంది, సమయం తగ్గించాలి.

సైజింగ్ ఎప్పుడూ అనీలింగ్ తర్వాతే. మూడు నాలుగు సార్లకు ఒకసారి చేసినా, ప్రతిసారీ చేసినా మంచిదే. అయితే ఒక బ్యాచ్ కేసులన్నీ ఒకే లెక్కలో ఉండాలి.

ప్రశ్న: బాగా ఎర్రగా కాల్చాను. ఇప్పుడు బుల్లెట్ వేలితో తోస్తే చాలు, లోపలికి పోతోంది. బాగుచెయ్యొచ్చా?

జవాబు: వేడితో బాగుకాదు. ఇత్తడిని మళ్లీ గట్టిపరచేది నొక్కుడు, సాగదీత మాత్రమే. లోపలి స్ఫటికాలు పెద్దవైపోయి ఉంటాయి, పైపొరలో జింక్ కూడా కొంత పోయి ఉండొచ్చు. బుల్లెట్ లోపలికి జారితే పీడనం ప్రమాదకరంగా పెరగొచ్చు. వాటిని నలగ్గొట్టి తుక్కులో వెయ్యండి.

ప్రశ్న: ఓవెన్‌లో వంద కేసులు ఒకేసారి పెడితే అన్నీ సమానంగా కాలతాయి కదా?

జవాబు: ఆ సమానమే ప్రాణం మీదికి తెస్తుంది. .308లో పీడనం 400 మెగాపాస్కల్స్ దాకా, అంటే వాతావరణ పీడనానికి దాదాపు 4,000 రెట్లు చేరుతుంది. దాన్ని ఆపడానికి కేసు అడుగు గట్టిగా ఉండి తీరాలి. అడుగు మెత్తబడితే ప్రైమర్ గూడు వదులవుతుంది, కేసు పగిలి వేడి వాయువులు మొహం మీదికి రావచ్చు. టార్చ్ పని సెకన్లలో ముగించేదీ వేడి అడుగుకు చేరకుండా ఉండేందుకే. ఏ కేసు అడుగుకైనా వేడి తగిలిందని అనుమానం వస్తే దాన్ని వాడకండి.

ప్రశ్న: నీళ్లలో ముంచితే ఉక్కులా గట్టిపడుతుందా?

జవాబు: పడదు. ముంచినా గాలికి వదిలినా మెత్తదనం ఒకటే. నీళ్లు వేడి కిందికి పాకకుండా ఆపుతాయి, అంతే. ముంచితే పూర్తిగా ఆరేదాకా పౌడర్ పొయ్యకండి.

ప్రశ్న: ఒక్కసారీ పేల్చని కేసులు డబ్బాలోనే చీలాయి. ఎందుకు?

జవాబు: వాటిని అమ్మోనియా ఉన్న పాలిష్‌తో తుడిచారేమో చూడండి. లోపల బిగువు మిగిలిన ఇత్తడికి అమ్మోనియా తగిలితే దానంతట అదే పగుళ్లిస్తుంది. బ్రిటిష్ పాలనలోని భారతదేశంలో సైన్యం వానాకాలంలో గుర్రపుశాలల్లో దాచిన తూటాలు ఇలాగే చీలాయి. అక్కడి గాలిలో గుర్రాల మూత్రం నుంచి వచ్చిన అమ్మోనియా ఉండేది. ఆ బిగువును అనీలింగ్ వదిలిస్తుంది. సైనిక కేసుల మెడ దగ్గర కనిపించే నీలి, గోధుమ రంగుల చార ఆ వేడి గుర్తే. మీ కేసుల మీద కూడా అలాంటి చార వస్తుంది. కాని రంగును చూసి వేడి కొలవకండి, శుభ్రత, వెలుతురు మారితే ఆ రంగూ మారుతుంది.